ఒక్కటే హోరా? మూడు రాక్ బృందముల బాణీలు



2025 వ సంవత్సరపు వేసవి సెలవులలో మా యింట జరిగిన యొక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణము. పదునైదేండ్ల మా పెద్దవాడు మధ్యాహ్నవేళ గదిలో కూర్చుండి ఇంగ్లీషు పాటలు పెట్టుకొని వినుచుండెను. నేను వంటయింటినుండి వచ్చి, “ఏమిరా ఈ హోరు! ఉదయమునుండి ఒక్కపాటనే పెట్టుచున్నావు. తల పగిలిపోవుచున్నది” అని కసరితిని. వాడు పాట నాపి, “అమ్మా, ఇంతవరకు పెట్టినవి మూడు వేర్వేరు బృందముల పాటలు. నీవు వినకుండనే ఒక్కటే యనుచున్నావు” అని మెల్లగా చెప్పి, చెవులకు తీగలు తగిలించుకొని గోడవైపు తిరిగి కూర్చుండెను. ఆ పిమ్మట పదిదినములు వాడు నేనడిగినదానికి ఔను, కాదు అనుటయే గాని తానుగా నొక్కమాటయు పలుకలేదు.

వాని మౌనముకంటె వాని మాటయే నన్నెక్కువగా బాధించెను. చిన్ననాడు మా తండ్రిగారు భారతము చెప్పుచుండగా నేనును ఇట్లే, “అన్నియు పద్యములే గదా, ఎవరు వ్రాసిన నేమి?” అని యొకసారి యంటిని. ఆయన కోపింపక కవిత్రయమువారి పద్యములు మూడు వరుసగా చదివి, కన్నులు మూసికొని వినుమనిరి. నెలదినములు విన్నపిదప నాకే తెలియవచ్చెను. నన్నయగారిలో సంస్కృతపదముల కూర్పును, అక్షరముల యింపును. తిక్కనగారిలో తెలుగు పలుకుబడియు, పాత్రలు మన యెదుట నిలిచి మాటలాడు తీరును. ఎఱ్ఱనగారిలో వర్ణనల నిండుదనమును కనబడినవి. కథ యొక్కటియే, వృత్తములును చాలవరకు అవియే. అయినను ముగ్గురు ముగ్గురే. ఆ తండ్రికి కూతురనై పుట్టి, నా కుమారునియెడ నేను చేసిన దేమి? ఈ తలపుతో సిగ్గుపడి, పదునొకండవ దినమున వాని చెంత కూర్చుండి, “ఆ మూడును నాకు వినిపింపు” మంటిని. అటుపై నెలదినములు వింటిని. వారి చరిత్రలును చదివితిని. తెలిసిన కొలదిని ఇచట విన్నవించుచున్నాను.

రాక్ సంగీతము 1950 ప్రాంతములలో అమెరికాలో రూపుదాల్చినది. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారు తమ కష్టసుఖములను పాడుకొనిన బ్లూస్ పాటలును, వారి చర్చి గీతములును, తెల్లజాతివారి పల్లెపాటలును దానికి మూలములు. ఆ రికార్డులు సముద్రము దాటి ఇంగ్లండు చేరగా, అచటి యువకులు వానిని విని తమ బాణీలు కట్టుకొనిరి. మావాడు వినుచుండిన లెడ్ జెప్పెలిన్, డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బాత్ అను మూడు బృందములును 1968లో ఇంగ్లండులోనే ఏర్పడినవి. మూడింటను విద్యుత్ గిటారును, బాస్ గిటారును, డ్రమ్ములును, ఎలుగెత్తి పాడు గాయకుడును గలరు. కావున క్రొత్తగా వినువారికి మూడును ఒక్కటే యనిపించుట సహజము. కాని పులుసునకును, చారునకును, పులిహోరకును చింతపండే మూలమైనంతమాత్రమున ఆ మూడును ఒక్కటేయని ఏ యిల్లాలైన ననునా?

లెడ్ జెప్పెలిన్ బృందమునకు బ్లూస్ పుట్టినిల్లు వంటిది. 1969 జనవరిలో వెలువడిన వారి మొదటి ఆల్బములోనే షికాగో నగరపు బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పాటలు రెండు గలవు. బ్లూస్‌లో తరచుగా వినబడు ఐదు స్వరముల వరుస యొకటి గలదు: షడ్జమము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, పంచమము, కైశికి నిషాదము. సంగీతము నేర్చిన సోదరీమణులు వెంటనే గుర్తింతురు. ఇవి మన శుద్ధధన్యాసి స్వరములే. గమకములు వేరు, భావము వేరు. స్వరస్థానములు మాత్రము అవియే. ఈ బృందమున కింకొక మూలముకూడ గలదు. అది బ్రిటిష్ దీవుల జానపద సంగీతము. గిటారు వాద్యకుడు జిమ్మీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ 1970లో వేల్సు కొండలలో విద్యుత్తు లేని యొక కుటీరమున నివసించి పాటలు కట్టిరి. ఆ సంవత్సరమే వెలువడిన మూడవ ఆల్బములో మృదువైన గిటారు పాటలెన్నియో గలవు. ఒక్క పాటలోనే మెల్లగా నారంభించి తుదకు ఉరుమువలె ముగించుట వీరి సొమ్ము. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చి, అచటి వాద్యకారులతో తమ పాటలు రెండు రికార్డు చేయించిరి. అనగా వీరి చెవి పలుదిక్కులకు తెరచియుండినదని యర్థము.

డీప్ పర్పుల్ సంగతి వేరు. ఈ బృందమున గిటారుతో సమానముగా ఆర్గను వాద్యము నిలుచును. దానిని వాయించిన జాన్ లార్డ్ 1941లో లెస్టర్ పట్టణమున జన్మించి, బాల్యముననే పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో పియానో నేర్చినవాడు. ఆయన హామండ్ ఆర్గనును గిటారువారు వాడు ఆంప్లిఫైయరు ద్వారా వాయించి, దానికొక గరుకుదనము తెచ్చెను. 1969 సెప్టెంబరు 24న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ఈ బృందము రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి లార్డ్ రచించిన కాన్సర్టో నొకదానిని వాయించినది. మాల్కమ్ ఆర్నాల్డ్ దానికి నిర్వాహకుడు. ఇంత చేసియు వారు శాస్త్రీయ సంగీతమునకే పరిమితులు కాలేదు. గిటారు వాద్యకుడు రిచీ బ్లాక్‌మోర్ కోరికపై మరుసటి సంవత్సరము తీవ్రమైన రాక్ బాణీకి మరలిరి. అయినను పూర్వపు చదువు పోలేదు. 1972 నాటి ‘హైవే స్టార్’ పాటలో గిటారు పరుగు లాలకింపుడు. జర్మను సంగీతకర్త బాఖ్ రచనలను బోలిన స్వరక్రమము ఆ వేగమునందును వినబడును. గిటారు ప్రశ్న వేయగా ఆర్గను బదులు చెప్పును. పాండిత్యమును, పందెమును ఒక్కచోట చేరినట్లుండును.

ఇక బ్లాక్ సబ్బాత్. మా వాని గదిలో నాకు మిక్కిలి తలనొప్పి కలిగించినది వీరి పాటయే. నా మనస్సును మిక్కిలిగా కదలించిన కథయు వీరిదే. వీరు బర్మింగ్‌హామ్ నగరపు కార్మికవాడల బిడ్డలు. గిటారు వాద్యకుడు టోనీ అయోమీ పదునేడేండ్ల వయస్సున రేకుల కర్మాగారమున పనిచేయుచు, ఆ పని విడువనున్న చివరి దినముననే యంత్రములో పడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు పోగొట్టుకొనెను. ఎడమచేతివాటము వాడగుటచే తంత్రులను నొక్కునది ఆ కుడిచేయియే. ఇక వాయింపనని క్రుంగియుండగా, కర్మాగారపు పెద్ద యొకడు జాంగో రైన్‌హార్ట్ రికార్డును వినిపించెను. 1928లో అగ్నిప్రమాదమున ఎడమచేతి రెండువ్రేళ్ల పాటవము పోయినను గొప్ప గిటారు విద్వాంసుడైనవా డాతడు. అది విని అయోమీ ప్లాస్టికు సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, వానిపై తోలు అంటించి, సన్నని తంత్రులు కట్టి మరల సాధన చేసెను. 1971 నాటికి కొన్ని పాటలకు తంత్రులను మూడు స్వరస్థానములు తగ్గించి శ్రుతి చేసెను. బిగువు తగ్గుటచే వ్రేళ్లకు శ్రమ తగ్గినది. నాదము మంద్రమై బరువెక్కినది. నేను హోరని కసరినది ఈ నాదమునే.

1970లో వెలువడిన వీరి మొదటి ఆల్బమునందలి మొదటి పాటలో, షడ్జమమునుండి తారషడ్జమమునకు పోయి, ప్రతిమధ్యమమున నిలుచు నొక వాద్యఖండము గలదు. పూర్వము యూరోపు సంగీతజ్ఞులు ఈ షడ్జమ ప్రతిమధ్యమముల యెడమునకు ‘సంగీతములోని దయ్యము’ అని పేరిడిరి. మన కల్యాణి రాగమున మంగళకరముగా మ్రోగు స్వరమే వారి చెవికి భయంకరమైనది! భయము గొలుపుటయే ఈ పాట యుద్దేశము కావున, ఆ స్వరమునే వారు కోరి గ్రహించిరి. డ్రమ్ములు వాయించిన బిల్ వార్డ్ జాజ్ వాద్యకుల యభిమాని. అందుచేత నింత బరువైన పాటలోను లయ ఊగుచునే యుండును.

ఇట్లు ఒకే కాలమున, ఒకే దేశమున పుట్టిన మూడు బృందములు మూడు శాఖలకు దారిచూపినవి. మొదటి రెండింటిని సాధారణముగా హార్డ్ రాక్ అందురు. అందులో జెప్పెలిన్ బ్లూస్ జానపదముల వైపును, పర్పుల్ శాస్త్రీయము వైపును మొగ్గును. సబ్బాత్ బాణినుండి హెవీ మెటల్ అను శాఖయు, అందు మందగతిని నడచు డూమ్ మెటల్ అను ఉపశాఖయు పెరిగినవి. ఈ పేర్లు కేవలము అంగడి చీటీలు కావు. ఎవరు ఎవరిని విని పెరిగిరో తెలుపు వంశవృక్షపు కొమ్మలు.

వంశమును మరచుటవలన అన్యాయముకూడ జరుగును. జెప్పెలిన్ వారి 1969 నాటి ప్రసిద్ధగీత మొకదానిలో తన పాటయొక్క భాగములున్నవని విల్లీ డిక్సన్ 1985లో దావా వేసెను. 1987లో రాజీ కుదిరినది. పిమ్మట రచయితలలో నాతని పేరును చేర్చిరి. ఆ పాట పుట్టిన పదునెనిమిదేండ్లకు గాని పెద్దాయనకు దక్కవలసినది దక్కలేదు. భేదము తెలిసి వినుట శ్రోతకు వినోదమే కాదు, పూర్వులయెడ ధర్మముకూడ.

మీ యింటను పిల్లలు ఇట్టి పాటలు విన్నచో, కోపింపక మూడు ప్రశ్నలు వేసికొనుడు. ముందు నిలుచు వాద్యమేది? నడక పరుగా, మందగతియా? ఈ స్వరము వీరి కెవరినుండి వచ్చినది? మూడవదానికి బదులు మీ బిడ్డయే చెప్పును. వినిన పిదప నచ్చకున్నను తప్పు లేదు. నాకు నేటికిని సబ్బాత్ పాట మధ్యాహ్నవేళ వలదు. కాని ఒక్కటే యని మాత్రము మరల ననను.

2025 జూలై 5న బ్లాక్ సబ్బాత్ వారు బర్మింగ్‌హామ్‌లో తుది కచేరీ చేసిరి. ఆ నెల 22న వారి గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ మరణించెను. మరునాటి యుదయమున నేను పొయ్యియొద్ద నుండగా మావాడు వచ్చి, స్తంభమున కానుకొని, “అమ్మా, ఆజీ పోయినాడు” అని చెప్పెను. ఆ పే రెవరిదని నేనడుగ నవసరము లేకపోయెను. పొయ్యి తగ్గించి, “ఆయన పాట యొకటి పెట్టరా, ఇద్దరము విందము” అంటిని.