సర్వర్ ఎందుకు పడిపోయింది? సూరత్‌లో ఒక మార్చి నెల

"సర్వర్ డౌన్." మన శాఖల్లో ఈ రెండు మాటలు అననివారూ లేరు, విననివారూ లేరు. కౌంటర్ ముందు నిలబడ్డ ఖాతాదారుకు మనం చెప్పేది అదే. పై ఆఫీసు మనకు చెప్పేదీ అదే. ఆ మాట అన్నాక ఎవరూ మారుప్రశ్న వేయరు. నేనూ పన్నెండేళ్ళు అలాగే చెప్పి గడిపేశాను. 2018లో సూరత్ ప్రాంతీయ కార్యాలయంలో ప్లానింగ్‌తో పాటు ఐటీ డెస్క్ కూడా నా నెత్తిన పడ్డాక, డౌన్ అంటే ఏమిటి, ఎందుకు డౌన్ అని అడగాల్సిన మనిషిని నేనే అయ్యాను. నేను చదివింది ఎంబీఏ. కోడ్ రాయడం రాదు. ఈ వ్యాసం నాలాంటి వాళ్ళ కోసమే. ఇంజనీర్లు చదివితే తప్పులు దిద్దుతారని ఆశ.

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పేది సీబీఎస్ గురించి కాదు. మా కార్యాలయంలో ఒక మూల గదిలో పాత విండోస్ సర్వర్ ఒకటి ఉండేది. అందులో మా రీజియన్ సొంతంగా వాడుకునే చిన్న అప్లికేషన్ నడిచేది. శాఖల స్టేట్‌మెంట్లు, ఇన్‌స్పెక్షన్ జవాబులు, శాఖ అధికార పరిధి దాటిన రుణ ప్రతిపాదనలు అన్నీ దాని ద్వారానే మా దగ్గరకు వచ్చేవి. దాని కింద మూడు పొరలున్నాయి. శాఖ బ్రౌజర్ నుంచి వచ్చే అభ్యర్థనను అందుకునేది అపాచీ అనే వెబ్ సర్వర్. పేజీలోని లెక్కలూ తర్కమూ చూసేది పీహెచ్‌పీ. సమాచారం దాచేది డేటాబేస్. ఈ మూడింటినీ చేసేవారు వేరు, విడుదలయ్యే తేదీలు వేరు. మన కంటికి మాత్రం ఒకే పేజీ కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

ఆ ఏడాది సెక్యూరిటీ ఆడిట్‌లో ఒక వ్యాఖ్య వచ్చింది: మీ అపాచీ 2.2 వెర్షన్‌కు కాలం చెల్లింది, మార్చండి. ఆడిటర్ మాట న్యాయమే. 2.2 శ్రేణిలో చివరి విడుదల 2017 జూలైలో వచ్చింది, ఆ తరువాత దానికి మరమ్మతులు లేవు. 2.4 శ్రేణి 2012 నుంచే ఉంది. ఆడిట్ వ్యాఖ్యను మార్చి లోపు మూసేయాలన్న తొందరలో, రెండో శనివారం, మార్చి 10న పని పెట్టించాను. ఫారంలో "వెనక్కి మళ్ళే పద్ధతి" అనే గడి ఖాళీగా ఉంది. చూశాను, అయినా సంతకం పెట్టాను.

మెయింటెనెన్స్ కాంట్రాక్టరు పంపిన సూరతీ కుర్రాడు చురుకైనవాడే. కొత్త అపాచీ వేశాడు, స్టార్ట్ కొట్టాడు, అది లేవలేదు. లాగ్‌లో ఒక వాక్యం వచ్చింది: ఈ మాడ్యూల్ ఈ అపాచీ వెర్షన్‌కు సరిపడదు, దొరికింది 20051115, కావలసింది 20120211. నాకు అవి ఖాతా నంబర్లలా కనిపించాయి. నిజానికి అవి తేదీల రూపంలో రాసిన గుర్తులు. అపాచీకీ, దానికి తగిలించే మాడ్యూల్‌కీ మధ్య ఇచ్చిపుచ్చుకునే పద్ధతి పెద్దగా మారినప్పుడల్లా అపాచీవాళ్ళు ఈ సంఖ్యను మారుస్తారు. 2005తో మొదలైతే 2.2 కోసం తయారైన మాడ్యూల్, 2012తో మొదలైతే 2.4 కోసం తయారైనది. చెక్కు మీద సంతకం సరిపోకపోతే మనం పాస్ చేయనట్టే, సంఖ్య సరిపోకపోతే అపాచీ మాడ్యూల్‌ను లోపలికి రానివ్వదు. కుర్రాడు 2.4కు తగిన పీహెచ్‌పీ 5.6 తెచ్చి పెట్టాడు. సర్వర్ లేచింది. మొదటి పేజీ తెరుచుకుంది. ఇద్దరం టీ తాగి ఇళ్ళకు వెళ్ళాం.

సోమవారం పదిన్నర వరకు బాగానే ఉంది. పదకొండు దాటాక శాఖల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పేజీ పోయింది, మళ్ళీ వచ్చింది, నింపిన ఫారం మాయమైంది. మధ్యాహ్నానికి తొమ్మిదిసార్లు ఇలాగే జరిగింది. పూర్తిగా పడిపోయి ఉంటే పాత దానికి మళ్ళిపోయేవాళ్ళం. పడుతూ లేస్తూ ఉండడంతో "చూద్దాం, చూద్దాం" అంటూ మూడు రోజులు గడిపాం. లోడ్ ఎక్కువైందేమోనని ర్యామ్ పెంచాం. యాంటీవైరస్ ఆపి చూశాం. నెట్‌వర్క్ వాళ్ళతో పోట్లాడాం. ఏదీ కాదు.

చివరికి అపాచీ ఎర్రర్ లాగ్‌ను ప్రింట్ తీసి, కూర్చుని చదివాను. ప్రతి పతనం దగ్గరా ఒకే రకం వాక్యం ఉంది: పిల్ల ప్రాసెస్ 3221225477 అనే స్థితితో ముగిసింది, మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఆ పొడుగాటి సంఖ్య విండోస్‌లో అందరికీ తెలిసిన గుర్తేనట. ప్రోగ్రాం తనది కాని మెమరీ చోటును తాకబోతే విండోస్ దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది, ఆపుతూ ఈ సంఖ్య రాస్తుంది. అంటే లోడ్ కాదు, నెట్‌వర్క్ కాదు. లోపల ఏదో ముక్క ఇంకో ముక్కను తప్పుగా పిలుస్తోంది.

ఒక శాఖ వల్ల అందరికీ ఎందుకు పోతోందన్నదీ అప్పుడే అర్థమైంది. విండోస్ మీద అపాచీకి ఒక తల్లి ప్రాసెస్, ఒకే ఒక పిల్ల ప్రాసెస్ ఉంటాయి. అభ్యర్థనలన్నీ ఆ పిల్ల ప్రాసెస్‌లోని దారాలే. ఒక్క దారం తప్పు చేసినా పిల్ల మొత్తం చచ్చిపోతుంది. తల్లి వెంటనే ఇంకో పిల్లను పుట్టిస్తుంది, అందుకే కొన్ని సెకన్లలో పేజీ మళ్ళీ కనబడుతుంది. ఈలోగా మిగతా శాఖల పని గాలికి పోతుంది.

మరి ఆ ఒక్క తప్పు చేసేది ఎవరు? యాక్సెస్ లాగ్‌లో చివరి అభ్యర్థన చూస్తే దొరుకుతుందనుకున్నాం. దొరకలేదు. అపాచీ ఆ లాగ్‌లో వరుస రాసేది అభ్యర్థన పూర్తయ్యాక. సర్వర్‌ను కూల్చిన అభ్యర్థన ఎప్పటికీ పూర్తి కాదు కాబట్టి అందులో ఉండదు. ఇక్కడ కంప్యూటర్ కంటే ఫోన్ ఎక్కువ పనికొచ్చింది. కూలిన సమయాలు నిమిషాలతో సహా ఒక కాగితం మీద రాసుకుని శాఖలకు ఫోన్ చేశాను: "11.42కి మీరేం చేస్తున్నారు?" విసుక్కున్నారు గానీ చెప్పారు. మూడు శాఖల జవాబు ఒకటే: రుణ ప్రతిపాదన నింపి సబ్‌మిట్ నొక్కాం.

గురువారం భోజన విరామంలో మేమే ఒక ఉత్తుత్తి ప్రతిపాదన నింపి సబ్‌మిట్ నొక్కాం. సర్వర్ పడింది. మళ్ళీ నొక్కాం. మళ్ళీ పడింది. ఆ నాలుగు రోజుల్లో నాకు ఆనందం కలిగిన క్షణం అదొక్కటే. కోరినప్పుడల్లా కూల్చగలిగిన సర్వర్ సగం బాగుపడ్డట్టే.

సబ్‌మిట్ నొక్కితే అప్లికేషన్ మా డెస్క్‌కు ఒక మెయిల్ పంపుతుంది. మెయిల్ సర్వర్‌తో మాట్లాడటానికి ఎన్‌క్రిప్షన్ కావాలి. ఎన్‌క్రిప్షన్‌కు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ కావాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే, తప్పు చేసిన మాడ్యూల్‌గా ఆ లైబ్రరీ ఫైలు పేరే ఉంది. సర్వర్‌లో వెతికితే ఆ పేరుతో ఫైలు మూడు చోట్ల దొరికింది: అపాచీ ఫోల్డర్‌లో ఒకటి, పీహెచ్‌పీ ఫోల్డర్‌లో ఒకటి, ఎప్పుడో వేసిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వదిలిన మరొకటి. ఫైలు మీద కుడి క్లిక్ చేసి వివరాలు చూస్తే మూడు వెర్షన్లు! విండోస్ తీరు ఏమిటంటే, ఒక పేరుతో లైబ్రరీ ఆ ప్రాసెస్‌లో అప్పటికే లోడ్ అయి ఉంటే, తరువాత అదే పేరు అడిగినవారికి సాధారణంగా ఉన్నదాన్నే అందిస్తుంది. అపాచీ తన లైబ్రరీని ముందుగా తెచ్చుకుంది. పీహెచ్‌పీ తనది అడిగితే అపాచీది చేతికొచ్చింది. పేరు ఒకటే, లోపలి అమరిక వేరు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు ఖాతాదారుల్లో ఒకరి లాకర్ తాళం ఇంకొకరికి ఇచ్చినట్టు.

పది నిమిషాల్లో అప్లికేషన్ సెట్టింగుల్లో మెయిల్ పంపడం ఆపేశాం. పతనాలు ఆగిపోయాయి. అసలు మరమ్మతు ఆదివారం, మార్చి 18న చేశాం. ఆ రోజు ఉగాది. ఈసారి ముందుగా ఒక ఖాళీ పీసీ మీద పెట్టి చూశాం. అపాచీ, పీహెచ్‌పీ రెండూ ఒకే కంపైలర్‌తో కట్టినవి, రెండూ ఒకే బిట్‌వి, రెండింటి ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ఒకే వెర్షన్. మొత్తం జతగా దించాం. మిగిలిపోయిన పాత ఫైళ్ళు తీసేశాం. సర్వర్ ముందు కూర్చుని యాభైసార్లు సబ్‌మిట్ నొక్కాను. ఇంట్లో వేపపువ్వు పచ్చడి నా వంతు గిన్నెలో సాయంత్రం దాకా అలాగే ఉంది.

ఇక్కడితో ముగిస్తే ఇది సాంకేతిక కథ. కానీ ఆ అప్లికేషన్ రాసినవారు ముందు మెయిల్, తరువాత సేవ్ అనే వరుస పెట్టారు. మెయిల్ దగ్గరే కూలితే సేవ్ అన్నది జరగనే లేదు. సోమవారం నుంచి గురువారం దాకా శాఖలు పంపామనుకున్నవి మాకు చేరలేదు. రానివాటి కోసం మేము ఎదురుచూడలేదు. అన్ని శాఖలకూ ఫోన్ చేసి లెక్క తీస్తే పదకొండు ప్రతిపాదనలు తేలాయి.

వాటిలో ఒకటి లింబాయత్‌లో ఉండే ఒక పద్మశాలి నేత కార్మికుడిది. సూరత్‌లో మనవాళ్ళ సంగతి తెలియనివారికి: తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. ఈయన ఇరవై ఏళ్ళు ఇతరుల మగ్గాల మీద పనిచేసి, సొంతంగా కొన్ని సెకండ్ హ్యాండ్ మరమగ్గాలు కొనడానికి అడ్వాన్సు ఇచ్చాడు. 2017 జూలైలో జీఎస్టీ మొదట్లో సూరత్ బట్టల మార్కెట్ వారాల తరబడి మూతపడినప్పుడు దాచుకున్నది కొంత కరిగిపోయింది, మిగిలిందే ఆ అడ్వాన్సు. అమ్మేవాడు పెట్టిన గడువు మార్చి నెలాఖరు. ఆ ఏడాది 29న మహావీర్ జయంతి, 30న గుడ్ ఫ్రైడే. అంటే చేతిలో ఉన్నవి కొద్ది పని దినాలే.

విషయం కనుక్కుందామని ఆయనే మా ఆఫీసుకు వచ్చాడు. నేను తెలుగువాణ్ణని శాఖలో ఎవరో చెప్పారట. దాచి లాభం లేదని జరిగింది జరిగినట్టు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కాసేపు విని, "గిది మాకు గూడ అయితది సార్" అన్నాడు. "ఒక మగ్గం బీము ఇంకో మగ్గానికి ఎక్కకుంటె నయమే, అప్పుడే తెలుస్తది. ఎక్కి, నడిసి, నడుమల పోగులు తెగుతుంటెనే పరేషాన్."

శనివారం లాగ్‌లో వచ్చిన ఆ వాక్యం నాకు అప్పుడు గుర్తొచ్చింది. లేవనని మొరాయించిన సర్వర్ నిజానికి మాకు మేలు చేసింది. లేచి నడిచిన సర్వరే ముంచింది. వెర్షన్ పొసగకపోవడంలో ఈ రెండు రకాలనూ విడిగా చూడాలని ఏ మాన్యువల్ కంటే బాగా ఆయనే చెప్పాడు.

పెద్ద బ్యాంకులకూ ఇలా జరిగింది. 2012 జూన్ 17, ఆదివారం, బ్రిటన్‌లోని ఆర్‌బీఎస్ గ్రూపులో రాత్రిపూట ఖాతాలను అప్‌డేట్ చేసే బ్యాచ్ పనులను వరుసలో నడిపే సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేశారు. తేడా కనిపించగానే కొత్తది తీసేసి పాతదానికి మళ్ళారు. వెనక్కి మళ్ళితే ఏమవుతుందో పరీక్షించలేదు. కొత్త వెర్షన్ పాతదానితో పొసగలేదు. బ్యాచ్ పనులు గుట్టలా పేరుకున్నాయి. నాట్‌వెస్ట్, ఆర్‌బీఎస్, అల్‌స్టర్ బ్యాంకుల ఖాతాదారులు 65 లక్షల మందికి పైగా ఇబ్బంది పడ్డారు, కొందరికి వారాల పాటు. 2014 నవంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు రెండూ కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. చదివినప్పుడల్లా నా ఖాళీ గడి గుర్తొస్తుంది. వెనక్కి మళ్ళడం కూడా ఒక మార్పే. దానికీ పరీక్ష కావాలి.

2024 జూలై 19 మనందరికీ గుర్తే. క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌తో ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరలతో ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. దాని మూలంలోనూ ఇలాంటి పొంతన లేనితనమే: కొత్త సమాచార ఫైలు 21 గడులు ఉంటాయనుకుంది, కంప్యూటర్లలోని ప్రోగ్రాం ఇచ్చేది 20 మాత్రమే. లేని 21వ గడిని చదవబోయి పడిపోయింది. మన దేశంలో 10 బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలకు మాత్రమే స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వ్ బ్యాంక్ ఆ రోజే ప్రకటించింది.

అయితే అప్‌డేట్లే వద్దా? పాత శాఖలో ఒక సీనియర్ ఉండేవారు, "నడుస్తున్నదాన్ని ముట్టుకోకు" అని. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఆయన మాట ఒకరకంగా నిజమైంది కూడా. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 వాడేవారికి ప్రమాదం వచ్చింది, అంతకంటే పాత శ్రేణుల్లో ఉన్నవారికి రాలేదు. కానీ అది అదృష్టమే గానీ పద్ధతి కాదు. కాలం చెల్లిన విండోస్‌తో నడిచే ఏటీఎంలను 2019 జూన్ లోపు మార్చాలని రిజర్వ్ బ్యాంక్ 2018 జూన్‌లో గడువులు పెట్టాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఐటీ గవర్నెన్స్ మాస్టర్ డైరెక్షన్‌లో మార్పులు, ప్యాచ్‌ల నిర్వహణ మన బాధ్యతల్లో భాగం. మార్చక తప్పదు. మార్చి నెలలో, పరీక్షించకుండా, ఒక్కదాన్నే మార్చడం నా తప్పు.

మా సర్వర్ గది తలుపు లోపలివైపు ఆ ఉగాది నాడే ఒక కాగితం అంటించాం. అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేస్, ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ, ఒక్కోదాని వెర్షన్, ఎన్ని బిట్‌లు, ఎవరు ఎప్పుడు మార్చారు. చివరి గడి: వెనక్కి మళ్ళే పద్ధతి, పరీక్షించిన తేదీ. ఆ గడి ఖాళీగా ఉన్న ఫారం మీద నేను మళ్ళీ సంతకం పెట్టలేదు. అప్లికేషన్‌లో కూడా సేవ్‌ను ముందుకు, మెయిల్‌ను వెనక్కి మార్పించాం.

పదకొండు ప్రతిపాదనల్లో తొమ్మిది ఆ నెలలోనే పరిశీలన పూర్తయ్యాయి. లింబాయత్ ఫైలు 27న మంజూరైంది, 28న డబ్బు విడుదలైంది. ఏప్రిల్‌లో ఇన్‌స్పెక్షన్‌కు వెళ్ళిన శాఖ మేనేజరు ఫోటో పంపారు. మగ్గాలు దిగాయి, బీములింకా ఎక్కించలేదు.