ఫోనులో గోడు చెప్పుకుంటే నేరం కాదు

భద్రాచలం: ఒకప్పుడు గూడెం గోడు భద్రాచలం ఐ.టి.డి.ఎ. ఆఫీసుకు చేరాలంటే అర్జీ పట్టుకుని కాలినడకన బయలుదేరవలసి వచ్చేది. ఇప్పుడు చర్ల, దుమ్ముగూడెం, గుండాల అడవిపల్లెల యువకులు కొట్టుకుపోయిన బాటను, మూతపడిన బడిని, పోడు చేలో తవ్విన కందకాన్ని ఫొటో తీసి వాట్సప్‌లో పంపగలుగుతున్నారు. అయితే కేసు పెడతారేమోనన్న భయంతో మిన్నకుండేవారూ లేకపోలేదు.

ఈ భయం ఊరకే పుట్టింది కాదు. 2009లో అమలులోకి వచ్చిన ఐ.టి. చట్టం 66ఎ సెక్షను ప్రకారం ఇతరులకు చికాకు కలిగించే మాట పంపినా 3 ఏళ్ల దాకా జైలుశిక్ష ఉండేది. పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. రాష్ట్ర నాయకురాలు, న్యాయవాది జయ వింధ్యాలను 2013 మేలో ఈ సెక్షను క్రిందనే అరెస్టు చేశారు. నాటి తమిళనాడు గవర్నరు రోశయ్యపైన, చీరాల శాసనసభ్యునిపైన ఫేస్‌బుక్‌లో వ్యాఖ్యలు చేశారన్నది ఆరోపణ. సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పైఅధికారుల అనుమతి లేనిదే ఇటువంటి అరెస్టులు చేయరాదని కోర్టు ఆ నెలలోనే చెప్పింది. 2015 మార్చి 24న ఏకంగా ఆ సెక్షనునే కొట్టివేసింది.

చర్చించడం, వాదించడం, రెచ్చగొట్టడం మూడూ వేర్వేరని ఆ తీర్పు సారాంశం. పోడు పట్టా ఎందుకు రాలేదని అడగడం చర్చ. ఇచ్చి తీరాలనడం వాదన. ఇవి ఎవరికి నచ్చకపోయినా పౌరుని హక్కులే. ఆఫీసు తగులబెట్టండి అనడం మాత్రం రెచ్చగొట్టడం, అది నేరమే. బెదిరింపులకు, కులమతాల మధ్య చిచ్చుపెట్టే రాతలకు కూడా శిక్షలున్నాయి. కనుక వచ్చిన ప్రతి కబురునూ నిజానిజాలు విచారించకుండా నలుగురికీ పంపడం మంచిది కాదు.

కొట్టివేసిన సెక్షను క్రింద కూడా కేసులు సాగుతుండటంతో, ఇకపై ఎవరినీ దాని క్రింద విచారించరాదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మరల ఆదేశించవలసి వచ్చింది. ఇంటర్నెట్‌ను నిరవధికంగా నిలిపివేయరాదని, నిలిపితే ఆ ఉత్తర్వును ప్రజలకు తెలియజేయాలని 2020 జనవరి 10న మరో తీర్పు చెప్పింది.

ఎవరికైనా నోటీసు వస్తే ముందుగా అందులో ఏ చట్టం, ఏ సెక్షను వ్రాశారో చదివించుకోవాలి. గిరిజనులకు, షెడ్యూల్డు కులాలవారికి, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. తీర్పులు ఢిల్లీలో వెలువడినా, వాటి సంగతి గూడెం దాకా చేరినప్పుడే ఫలితం ఉంటుంది.