నూనెను కడిగే బొంగరం

లాంతరులో పోసిన కిరసనాయిల్లో నీళ్ళు కలిస్తే ఏమవుతుంది? వత్తి చిటపటమంటుంది. దీపం రెపరెపలాడి ఆరిపోతుంది. ఇంట్లో అయితే నూనె వంపేసి, వత్తి మార్చి, మళ్ళీ వెలిగించుకుంటాం. కాని నడిసముద్రంలో తుఫానులో చిక్కుకున్న ఓడ ఇంజనుకు అలాంటి నూనె అందితే? ఇంజను ఆగిన ఓడ అలల చేతిలో ఆటబొమ్మ అవుతుంది.

పెద్ద ఓడల్లో చాలావాటి ఇంజన్లు బరువైన ఇంధన నూనెతో నడుస్తాయి. ముడి పెట్రోలియం నుంచి పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు వంటివి తీశాక అడుగున మిగిలే చిక్కని నల్లని పదార్థం ఇది. ఇందులో నీరు, తుప్పు, మడ్డి ఉంటాయి. శుద్ధి కర్మాగారాల్లో వాడే ఉత్ప్రేరకాల తాలూకు సన్నని గట్టి రేణువులు కూడా ఉంటాయి. ఇవి గరుకు కాగితంలా సిలిండరు గోడలను అరగదీస్తాయి. అందుకే నూనెను ముందుగా శుభ్రం చేయాలి.

తేరుకునే దాకా ఆగలేమా?

నువ్వుల నూనెను కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరి, పైన నూనె తేటపడుతుంది. సాంద్రత ఎక్కువైనది కిందికి దిగుతుందని మీకు తెలుసు. అయితే బరువైన ఇంధన నూనె సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గర. పైగా అది చిక్కన. కాబట్టి నీటి బిందువు అందులో నత్తనడకన దిగుతుంది. ఓడ ఊగుతుంటే దిగినది కూడా మళ్ళీ కలిసిపోతుంది.

భూమి లాగే బలం చాలనప్పుడు అంతకు మించిన బలాన్ని మనమే కల్పించాలి. నీళ్ళున్న చిన్న బకెట్టును చేత్తో వేగంగా గుండ్రంగా తిప్పితే, బకెట్టు తలకిందులైనప్పుడు కూడా నీరు కింద పడదు. తిరిగే పాత్రలో ఉన్నదంతా కేంద్రం నుంచి బయటికి పోవాలని చూస్తుంది. దీనినే అపకేంద్ర బలం అంటున్నాం. 1878లో స్వీడన్ ఇంజనీరు గుస్టాఫ్ డి లావాల్ ఈ సూత్రంతోనే పాల నుంచి మీగడ తీసే యంత్రం చేశాడు. నూనెను శుద్ధి చేసే యంత్రం దాని తమ్ముడే.

గిన్నెలో ఏం జరుగుతుంది?

యంత్రం లోపల దృఢమైన ఉక్కు గిన్నె ఉంటుంది. దానిని బౌల్ అంటారు. అందులో శంకువు ఆకారపు పల్చని పళ్ళాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. రెండు పళ్ళాల నడుమ ఖాళీ ఒక మిల్లీమీటరుకన్నా తక్కువ. నీటి బిందువు అంత కొద్ది దూరం కదిలితే చాలు, పళ్ళాన్ని తాకి, దాని వెంట జారి అంచుకు చేరుతుంది. మడ్డి బౌల్ గోడకు అంటుకుంటుంది. తేలికైన నూనె మధ్యకు వచ్చి పైదారిన బయటికి పోతుంది.

నూనె పంపే ముందు బౌల్‌లోకి వేడినీరు వదులుతారు. అది అంచున చేరి గోడలా నిలుస్తుంది. ఆ నీటి గోడ లేకపోతే నూనె నీరు పోయే దారిన వెళ్ళిపోతుంది.

లెక్క వేసి చూద్దాం

బౌల్ వ్యాసార్థం 20 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 6,000 చుట్లు అనుకుందాం. అంటే సెకనుకు 100 చుట్లు. త్వరణానికి సూత్రం కోణీయ వేగం వర్గాన్ని వ్యాసార్థంతో గుణించడం. లెక్క చేస్తే అది గురుత్వ త్వరణానికి సుమారు 8,000 రెట్లు వస్తుంది. బౌల్ అంచు గంటకు దాదాపు 450 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంటుంది!

ఈ బలమే నూనెను శుద్ధి చేస్తుంది. ఏమరితే ఈ బలమే ప్రాణం తీస్తుంది. 100 గ్రాముల మడ్డి బౌల్‌లో ఒక పక్కనే పేరుకుందనుకోండి. అది 800 కిలోల బరువంత బలంతో, సెకనుకు 100 సార్లు దిక్కు మారుస్తూ, ఇరుసును గుంజుతుంది. బౌల్ పగిలితే ఉక్కు ముక్కలు ఫిరంగి గుండ్లలా దూసుకువస్తాయి.

నడిపేవారి నియమాలు

ఇప్పుడు నియమాలన్నింటికీ కారణం మీరే చెప్పగలరు.

బౌల్ భాగాలన్నీ కలిపి సమతూకం చేసి ఉంటాయి. కాబట్టి ఒక యంత్రం భాగాన్ని మరో యంత్రానికి బిగించకూడదు. పైన ఉండే లాక్ రింగును గుర్తులు కలిసేదాకా బిగించాలి. పగుళ్ళు, తుప్పు గుంటలు ఉన్నాయేమో ప్రతిసారీ చూడాలి. బౌల్‌కు వెల్డింగు చేయకూడదు, దానిని మంటతో కాల్చకూడదు. ఆ వేడికి ఉక్కు బలం తగ్గిపోతుంది.

మోటారు వేసే ముందు బ్రేకు విడిచి ఉందో లేదో చూడాలి. వేగం పుంజుకునేటప్పుడు యంత్రం కాసేపు వణకడం సహజం. పూర్తి వేగంలో గట్టిగా వణికితే మాత్రం వెంటనే ఆపు మీట నొక్కి, గది విడిచి వెళ్ళాలి. ఆగేదాకా బౌల్ ఖాళీ కాకుండా చూడాలి. లోపలి ద్రవం కుదుపును తగ్గిస్తుంది.

అన్నిటికన్నా మోసం చేసేది యంత్రం ఆగే సమయం. మోటారు ఆపినా జడత్వం వల్ల బౌల్ చాలా నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు తగ్గింది కదా అని మూత విప్పకూడదు. బౌల్ పూర్తిగా నిలిచిందని రూఢి చేసుకున్నాకే మరను ముట్టుకోవాలి. అప్పుడు కూడా ముందుగా విద్యుత్తు తొలగించి, “పని జరుగుతోంది, స్విచ్ వేయవద్దు” అనే పలక తగిలించాలి.

నిప్పు మరో శత్రువు. చిక్కని నూనె పలుచబడాలని దానిని సుమారు 98 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడి చేస్తారు. నూరు దాటితే నీటి గోడ మరిగిపోతుంది. నూనె ఆవిరికి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింటు అంటారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఓడ ఇంధనానికి ఇది సాధారణంగా 60 డిగ్రీలకు తగ్గకూడదు. 60 ఎక్కడ, 98 ఎక్కడ! కారిన వేడి నూనె అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఓడలో ఈ యంత్రాలకు వేరే గది ఉంటుంది. అక్కడ చిన్న కారుడును కూడా ఉపేక్షించరు.

ఇంట్లో సీసాను ఫ్యానుకు కట్టి తిప్పి చూడాలని మాత్రం అనుకోకండి. ఎందుకు కూడదో పై లెక్క చెబుతుంది. దానికి బదులు కాగితం మీద ఈ లెక్క చేయండి: అదే బౌల్‌ను నిమిషానికి 12,000 చుట్లు తిప్పితే, 100 గ్రాముల మడ్డి ఎన్ని కిలోల బరువంత బలంతో గుంజుతుంది? 1,600 అని తొందరపడకండి. సూత్రంలో వేగానికి వర్గం ఉంది!