దూరందేషీ వేరు, అందేషా వేరు

ముందుచూపు గల మనిషిని ఉర్దూలో 'దూరందేష్' అంటారు. ఆ గుణం దూరందేషీ. ఇది ఫార్సీ నుంచి వచ్చిన మాట. 'దూర్' అంటే దూరమే, 'అందేష్' అంటే ఆలోచించేవాడు. తెలుగులో 'దూరాలోచన' దీనికి సరైన జోడు. (దీర్ఘం జారితే దురాలోచన అవుతుంది, జాగ్రత్త!)

చిక్కంతా 'అందేషా' దగ్గర వచ్చింది. ఫార్సీలో ఈ మాటకు ముఖ్యార్థం ఆలోచనే. ఉర్దూ వాడుకలో మాత్రం అది భయం, అనుమానం అయి కూర్చుంది. మన ఇళ్లలో ఈ రెండూ కలిసిపోతున్నాయి. పదో తరగతి కాగానే ఆడపిల్ల చదువు మాన్పించి, దూరందేషీతోనే చేశామంటారు కొందరు పెద్దలు. నన్నడిగితే అది ఉత్త అందేషా.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం దివ్య ఖుర్ఆన్ 12వ సూరాలో ఉంది. ఏడేళ్ల కరువు రాబోతోందని రాజు కల ద్వారా తెలిసినా, ఆయన చేతులు ముడుచుకోమనలేదు. ముందున్న ఏడేళ్లూ ఎడతెగక పండించమన్నారు. తినడానికి కావలసిన కొద్దిపాటి తప్ప, మిగతా పంటను నూర్చకుండా వెన్నుల్లోనే ఉంచమన్నారు. పొట్టులో ఉన్న గింజకు పురుగు త్వరగా పట్టదు మరి.