జిమ్, కండబలం, ఆత్మవిశ్వాసం: అపోహలు – వాస్తవాలు

బలం వేరు, కండ వేరు. బరువును కదిలించగల శక్తి బలం. అందులో కండ పరిమాణానికే కాదు, ఆ కండను పనికి పురమాయించే నాడీవ్యవస్థకూ భాగం ఉంది. కొత్తగా జిమ్‌లో చేరినవాడు మొదటి నెలలోనే ముందుకంటే ఎక్కువ బరువు ఎత్తగలుగుతాడు. అప్పటికి అద్దంలో మార్పేమీ కనిపించదు. కండరాలను ఒక్కసారిగా, ఒక క్రమంలో పనిచేయించడం నాడులు నేర్చుకోవడమే దానికి కారణం. ఈ తేడా తెలియక, అద్దాన్నే కొలబద్దగా పెట్టుకోవడం వల్ల అనేక అపోహలు పుట్టాయి. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ రైల్వే స్టేషన్‌ను ఆనుకుని పట్టాల అవతల ఉన్న గుఢియారీలో అయినా, విజయవాడలో అయినా, వరంగల్‌లో అయినా జిమ్‌లో వినిపించే మాటలు దాదాపు ఒకటే.

అపోహ 1: ఛాతీ, చేతులు పెరిగితే బలవంతుడైనట్టే.

వాస్తవం: శరీరంలో పెద్ద కండరాలు ఎక్కువగా తొడల్లో, పిరుదుల్లో, వీపులో ఉన్నాయి. కృష్ణాష్టమికి గుఢియారీలో జరిగే దహీ హండీలో ఇది కళ్ళారా కనిపిస్తుంది. పైకెక్కి ఉట్టి కొట్టేవాడి మీదే అందరి చూపూ ఉంటుంది. కానీ ఆ మనుషుల గోపురం నిలబడేది అడుగు వరుసలో ఉన్నవాళ్ళ కాళ్ళ మీద, నడుము మీద. మోకాళ్ళు కాస్త వంచి, పాదాలు ఎడంగా నిలిపి, పక్కవాడి భుజం పట్టుకుని నిలబడినవాళ్ళలో ఒక్కరి నడుము సడలినా పైవరుసలన్నీ కూలతాయి. మన పాత తాలింఖానాల్లో దండీలతో పాటు బస్కీలు తప్పనిసరిగా తీయించేవారు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ప్రెస్, రోయింగ్, పుల్‌అప్ వంటి వ్యాయామాలు ఒకేసారి అనేక కండరాలను పనిలోకి దించుతాయి. వాటిని వదిలేసి వారమంతా బైసెప్స్, బెంచ్ ప్రెస్ చేసేవాడికి భుజాలు ముందుకు వంగిపోవడం, భుజం కీలు నొప్పి పుట్టడం తరచుగా జరుగుతాయి.

అపోహ 2: పక్కవాడికంటే ఎక్కువ ప్లేట్లు వేస్తేనే ఎదుగుదల.

వాస్తవం: బరువును కొద్దికొద్దిగా పెంచుతూ పోవడమే బలానికి మూలసూత్రం. దీన్ని పాటించడానికి చిన్న నోటుపుస్తకం చాలు. బార్‌బెల్ కడ్డీ ఒక్కటే సాధారణంగా 20 కిలోలు ఉంటుంది. మొత్తం 40 కిలోలతో 8 చొప్పున 3 సెట్లు స్క్వాట్ చేసినవాడు, అదే బరువుతో 9, తర్వాత 10 వరకు వెళ్ళాలి. మూడు సెట్లలోనూ 10 శుభ్రంగా వచ్చాకే 42.5 కిలోలకు మారాలి.

పద్ధతి ఎంత ముఖ్యమో డెడ్‌లిఫ్ట్‌లో తెలుస్తుంది. కడ్డీ పాదాల మధ్యభాగానికి సరిగ్గా పైన, కాళ్ళకు ఆనీ ఆననట్టు ఉండాలి. నడుము వంచకుండా పిరుదులను వెనక్కి నెట్టి కడ్డీ పట్టుకోవాలి. కడుపునిండా గాలి పీల్చి పొట్టను బిగించాలి. చేతులతో లాగడం కాదు, కాళ్ళతో నేలను తొక్కుతూ లేవాలి. కడ్డీ ఒంటిని వదిలి ముందుకు పోయిన మరుక్షణం భారమంతా నడుము మీద పడుతుంది. పద్ధతి చెడుతుంటే బరువు తగ్గించుకోవడమే తెలివైన పని, అందులో చిన్నతనమేమీ లేదు.

అపోహ 3: మర్నాడు ఒళ్ళు నొప్పులు పుట్టకపోతే కసరత్తు వృథా.

వాస్తవం: అలవాటు లేని పని చేసినప్పుడు, ముఖ్యంగా బరువును మెల్లగా దించేటప్పుడు, కండరాలు ఒత్తిడికి లోనవుతాయి. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది. అదే వ్యాయామం అలవాటయ్యాక నొప్పి తగ్గుతుంది, ఎదుగుదల మాత్రం ఆగదు. కీలులో పోటు, కాలిలోకి పాకే నడుము నొప్పి, తిమ్మిరి వేరే సంగతి. అవి ఆపమని చెప్పే హెచ్చరికలు.

అపోహ 4: రోజూ రెండు గంటలు చేస్తేనే ఫలితం.

వాస్తవం: కసరత్తు కండకు పెరగమని సూచన ఇస్తుంది. పెరుగుదల జరిగేది విశ్రాంతిలో. పెద్దలు వారానికి కనీసం 2 రోజులు ప్రధాన కండరాలన్నింటికీ పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. కొత్తగా మొదలుపెట్టినవారికి వారానికి 3 రోజులు, గంట లోపు కసరత్తు సరిపోతుంది. అర్ధరాత్రి దాకా ఫోను చూసి తెల్లవారకముందే జిమ్‌కు పరిగెత్తడం నష్టమే. 2011లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువకులను వారం పాటు రాత్రికి 5 గంటలే నిద్రపోనిస్తే, పగటిపూట వారి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది.

అపోహ 5: ప్రోటీన్ పౌడరు లేనిదే కండ రాదు.

వాస్తవం: పౌడరు ఎక్కువగా పాలవిరుగుడు నుంచి తీసిన ఆహారమే, అందులో ప్రత్యేక మహిమ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించి 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాలు ఒళ్ళు పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడవద్దని సూచించాయి. శరీర బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాములు దాటిన ప్రోటీన్ వల్ల కసరత్తు ఫలితం ఇంకా పెరగదని కూడా వివరించాయి. 60 కిలోల యువకుడికి ఆ పైహద్దు 96 గ్రాములు. మూడు గుడ్లలో 18, అరలీటరు పాలూ పెరుగులో 16, 40 గ్రాముల సోయా చంక్స్‌లో 20, 50 గ్రాముల వేయించిన శనగల్లో 10, రోజంతా తినే అన్నం, పప్పులో 25 గ్రాముల పైన. మొత్తం దాదాపు 90. గుడ్డు తిననివారు ఆ స్థానంలో పనీర్, పప్పు పెంచుకోవచ్చు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును మోసి ‘కలియుగ భీముడు’గా పేరు పొందిన కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారి.

అపోహ 6: అన్నం తింటే పొట్ట వస్తుంది, కండ రాదు.

వాస్తవం: ఖర్చయ్యేదానికంటే ఎక్కువ తిన్నప్పుడు, అది ఏ ఆహారమైనా, కొవ్వుగా నిలవ ఉంటుంది. బరువులెత్తే కండరాలకు ప్రధాన ఇంధనం పిండిపదార్థాల నుంచి వచ్చే గ్లైకోజెన్. ఛత్తీస్‌గఢ్ వరి పండే నేల. తెలుగువారి చద్దన్నంలాగే అక్కడ రాత్రి అన్నాన్ని నీళ్ళలో నానబెట్టి పొద్దున తినే బోరే బాసీ కష్టజీవుల ఆహారం. 2022 మే 1న కార్మికుల గౌరవార్థం దాన్ని తినమని ఆ రాష్ట్ర ప్రభుత్వం పిలుపునిచ్చింది. అన్నాన్ని మానేయనక్కర్లేదు, పక్కన పప్పు, పెరుగు, గుడ్డు వంటివి పెంచితే చాలు.

అపోహ 7: సోయా మగతనాన్ని తగ్గిస్తుంది, క్రియేటిన్ స్టెరాయిడ్.

వాస్తవం: సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్‌ను పోలి ఉన్నా, మామూలుగా తినే మోతాదులో అవి పురుషుల టెస్టోస్టిరాన్‌ను తగ్గించవని అనేక ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణల్లో తేలింది. క్రియేటిన్ స్టెరాయిడ్ కాదు, మాంసంలో, చేపల్లో, మన శరీరంలోనే ఉండే పదార్థం. రోజుకు 3 నుంచి 5 గ్రాములు ఆరోగ్యవంతులకు హాని చేయదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపించవచ్చు కనుక వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాని జోలికి పోకూడదు.

అపోహ 8: ఒక కోర్సు స్టెరాయిడ్ ఇంజక్షన్లు తీసుకుని ఆపేస్తే ఏమీ కాదు.

వాస్తవం: ఇది అన్నింటికంటే ప్రమాదకరమైన మాట. బయటినుంచి హార్మోను వచ్చినప్పుడు మెదడు వృషణాలకు పంపే ఆజ్ఞలు ఆగిపోతాయి. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి. ఆపేశాక మళ్ళీ మామూలు కావడానికి నెలలు పట్టవచ్చు, కొందరిలో పూర్తిగా కోలుకోకపోవచ్చు. మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండరం మందమవుతుంది. చాలామందికి మొటిమలు, కొందరికి రొమ్ములు పెరగడం, మానేశాక తీవ్రమైన దిగులు వస్తాయి. ఈ ఇంజక్షన్లు వైద్యుడి చీటీ లేకుండా ఎవరూ అమ్మకూడని మందులు. ట్రైనర్ ఇచ్చినా, స్నేహితుడు ఇచ్చినా తీసుకోకూడదు.

అపోహ 9: వందల కొద్దీ సిట్‌అప్స్ తీస్తే, బాగా చెమట పడితే పొట్ట కరుగుతుంది.

వాస్తవం: ఒక చోటి కండరానికి పని చెబితే ఆ చోటి కొవ్వే కరగదు. మొత్తం శరీరంలో కొవ్వు తగ్గినప్పుడే పొట్ట తగ్గుతుంది. చెమటగా పోయేది నీరు, ఉప్పు. మే నెలలో 40 డిగ్రీలు దాటే రాయ్‌పూర్ ఎండల్లో రేకుల షెడ్డులో జాకెట్ వేసుకుని కసరత్తు చేస్తే వడదెబ్బ తగలవచ్చు. ఆ కాలంలో తెల్లవారుజామున చేయడం, మజ్జిగ, ఉప్పు నీళ్ళు తాగడం మేలు. జిమ్ మానేస్తే కండ కొవ్వుగా మారుతుందన్న మాట కూడా నిజం కాదు. అవి రెండూ వేర్వేరు కణజాలాలు. కండ తగ్గుతుంది, తిండి తగ్గకపోతే కొవ్వు చేరుతుంది.

అపోహ 10: జిమ్‌కు వెళ్తే గుండెపోటు వస్తుంది.

వాస్తవం: 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే గుండెపోటుతో మరణించినప్పటి నుంచి ఈ భయం పెరిగింది. క్రమం తప్పని వ్యాయామం గుండెజబ్బు ముప్పును తగ్గిస్తుంది. అప్పటికే రక్తనాళాల్లో పూడిక ఉండి, అలవాటు లేకుండా ఒక్కసారిగా తీవ్రమైన శ్రమ చేసినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. పొగతాగేవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు చరిత్ర ఉన్నవారు, నలభై దాటినవారు ముందు పరీక్ష చేయించుకోవాలి. ఛాతీలో బిగుతు, తల తిరగడం, చెయ్యి లాగడం కనిపిస్తే ఆ సెట్టు పూర్తి చేయాలన్న పట్టుదల వదిలేయాలి.

అపోహ 11: కండలుంటే ఆత్మవిశ్వాసం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: బరువుల కసరత్తు మనసుకు మేలు చేస్తుందన్నది నిజం. 33 ప్రయోగాలను కలిపి 2018లో వెలువడిన విశ్లేషణలో అది కుంగుబాటు లక్షణాలను తగ్గిస్తుందని తేలింది. కానీ అద్దంలో కనిపించే రూపం మీద నిలిపిన ఆత్మవిశ్వాసం నిలకడగా ఉండదు. ఎంత పెరిగినా ఇంకా సన్నగానే ఉన్నానని బాధపడేవారిని అమెరికా మనోవైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు 1990లలో గుర్తించి, ఆ స్థితిని ఒక మానసిక రుగ్మతగా వర్ణించారు. అలాంటివారు పెళ్ళికీ, స్నేహితుల విందుకూ పోకుండా జిమ్‌కే అంకితమవుతారు, చొక్కా విప్పడానికి సిగ్గుపడతారు.

నిలిచే ఆత్మవిశ్వాసం చేయగలిగిన పని నుంచి వస్తుంది. గత నెల ఎత్తలేని బరువు ఈ నెల ఎత్తడం, వారానికి మూడు రోజులు వెళ్తానన్న మాట నిలబెట్టుకోవడం, కొత్తగా వచ్చినవాడికి కడ్డీ ఎలా పట్టుకోవాలో వెక్కిరించకుండా చూపించడం అందుకు దారులు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచిన స్టువర్టుపురం యువకుడు రాగాల వెంకట రాహుల్ వెనుక ఉన్నది ఏళ్ళ తరబడి సాగిన సాధన.

కొత్తగా జిమ్‌లో అడుగుపెట్టే యువకుడు మొదటి ఆరు నెలలు నాలుగు పనులు చేస్తే చాలు: పద్ధతి నేర్చుకోవడం, బరువు రాసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచడం, ఇంటి తిండి కడుపునిండా తినడం, రాత్రి ఏడు గంటలకు తగ్గకుండా నిద్రపోవడం. ఈ నాలుగూ చేయకుండా పౌడరు డబ్బాల మీద, ఇంజక్షన్ల మీద పెట్టే ఖర్చు ఒంటికి హాని, ఇంటికి భారం.