బోటు జనరేటరు: పొగతో పొంచి ఉన్న ముప్పు

కాకినాడ: తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఒడ్డు చేరిన మరబోట్లలో వలలు, రంగుల పని ముందు సాగుతుంది. జనరేటరు వంతు ఆఖరుకు గాని రాదు.

సముద్రపు నీటితో చల్లబడే రకంలో నీటిని తోడేవి పంపులోని రబ్బరు రెక్కలు. నీరందకపోతే అవి కొద్ది నిమిషాల్లోనే పాడవుతాయి. స్టార్టు చేయగానే పొగగొట్టం నుంచి నీరు పడుతున్నదీ లేనిదీ చూడాలి. పడకుంటే వెంటనే ఆపి, జల్లెడలో నాచు, ప్లాస్టిక్ చిక్కాయేమో వెదకాలి. ఇంజను అందుకోనప్పుడు స్టార్టరును అదే పనిగా తిప్పరాదు. పంపు తోడిన నీరు పొగగొట్టం నిండి సిలిండర్లలోకి ఎదురెక్కుతుంది. ఇక ఆ ఖర్చు చెప్పనలవి కాదు.

డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని రోజూ వదలాలి. జనరేటరు నడుస్తుండగా డీజిలు పోయరాదు.

అన్నిటికీ మించిన ముప్పు పొగలోని కార్బన్ మోనాక్సైడు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. గొట్టం చీలితే క్యాబిన్‌లో చేరి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతులు వస్తే కడలి తిప్పుడని కొందరు సరిపెట్టుకుంటారు. ఏళ్ల తరబడి వేటకు పోయే కళాసీలకు ఒక్కసారిగా తిప్పుడెందుకు వస్తుంది? ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా అయితే అందరినీ పైకి, గాలిలోకి తెచ్చి జనరేటరు ఆపాలి. గుడ్డ చుట్టి నెట్టుకొస్తున్న గొట్టాన్ని జూన్ 14 లోపే మార్పించాలి.