అద్దె ఇంటిలో కుక్క: శుద్ధి, షరతు, పొరుగు

హైదరాబాదులోనో, విజయవాడలోనో ఒక అంతస్తుల భవనంలో రెండు గదుల వాటాను కిరాయికి తీసుకున్న ముస్లిం కుటుంబం కుక్కను పెంచదలచినప్పుడు ఉలమాను అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: కుక్క తిరిగే ఇంట్లో నమాజు చెల్లుతుందా? ప్రశ్న సముచితమే. కాని ఫిఖహ్ గ్రంథాలలో ఈ విషయం ‘తహారత్’, అనగా శుద్ధి ప్రకరణంతో ముగిసిపోదు. ‘ఇజారా’, అనగా అద్దె ఒప్పందాల ప్రకరణం కూడా తెరవవలసి ఉంటుంది. ఇల్లు పరాయివారిదైనప్పుడు బరువంతా ఆ రెండవ ప్రకరణంలోనే ఉన్నది.

ముందుగా ఒక అపోహ. ఇస్లాం కుక్కను అసహ్యించుకొంటుందని మనలోనే కొందరు అనుకొంటారు. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 4వ ఆయతు శిక్షణ పొందిన వేటజంతువులు పట్టితెచ్చిన దానిని ధర్మసమ్మతం చేసింది. అల్ కహఫ్ సూరాలో గుహవాసుల కుక్క గడప వద్ద ముందుకాళ్ళు చాచి పడుకొని ఉన్న దృశ్యం కలదు. దప్పికతో నాలుక చాచిన కుక్కకు బావిలోనికి దిగి నీరు తెచ్చి తాగించిన మనిషి పాపాలు మన్నించబడ్డాయని సహీహ్ హదీసు తెలుపుతున్నది. జంతువు పట్ల దయ ఒక విషయం, దానిని ఇంట్లో ఉంచుకోవడం మరొక విషయం. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే చిక్కు వస్తున్నది.

ఇంట్లో ఉంచుకోవడం గురించిన హదీసు స్పష్టమైనది. వేటకు, పశువుల కాపలాకు, పొలానికి తప్ప ఇతరత్రా కుక్కను ఉంచుకొన్న వాని పుణ్యంలో ప్రతిదినమూ ఒక ఖీరాతు తగ్గుతుందని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనంలో రెండు ఖీరాతులు. ఇంటి కాపలా ఈ మూడింటిలో లేదు. అయినా అవసరం అనే కారణం సమానమే కనుక దానికీ అనుమతి ఉన్నదని ఇమాం నవవీ వంటివారు భావించారు. అంధునికి దారి చూపే కుక్కను నేటి పండితులు అనేకులు ఇదే కోవలో చేర్చారు. మరి కింద కాపలాదారు ఉన్న భవనంలో, మూడవ అంతస్తులో, తలుపుకు రెండు తాళాలు వేసుకొన్న వాటాకు కాపలా కుక్క అవసరమనడం బలహీనమైన వాదమే. నిజమైన అవసరం ఏదో ఆ ఇంటివారే నిజాయితీగా చూసుకోవాలి.

శుద్ధి విషయంలో మజ్‌హబుల మధ్య గణనీయమైన భేదం కలదు. మాలికీల దృష్టిలో సజీవమైన కుక్క శుద్ధమే. అది మూతిపెట్టిన పాత్రను కడగడం ఆరాధనాపరమైన ఆజ్ఞ మాత్రమే. హనఫీలు లాలాజలాన్ని అశుద్ధమంటారు, పొడిగా ఉన్న వెంట్రుకలను కాదు. షాఫిఈలు, హంబలీలు పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలంటారు. దక్కనులో అధికులు హనఫీలే గాని, హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హజ్రమౌతు అరబ్బుల సంతతివారు షాఫిఈలు. ఒకే భవనంలో ఈ ఇరువురూ ఉండవచ్చు. తన మజ్‌హబు ప్రకారం చొక్కాకు ఏమీ కాలేదని ఒకరు అనుకొన్న చోటనే, మెట్లమీద తడి కుక్క రాసుకొన్న రెండవవారు నమాజుకు ముందు బట్టలు కడుక్కోవలసి వస్తుంది. పొరుగువాని హక్కు ఇక్కడ మాటవరుసకు చెప్పేది కాదు.

ఇక అద్దె విషయం. హనఫీల ప్రామాణిక గ్రంథం ‘అల్ హిదాయా’ ఒక చక్కని సూత్రం చూపుతున్నది. ఇల్లు అద్దెకు తీసుకొన్నవాడు అందులో ఏమి చేస్తాడో ముందుగా చెప్పనవసరం లేదు, నివాసానికి సంబంధించినదంతా చేసుకోవచ్చు. అయితే కమ్మరికొలిమిగాని, పిండిగిరగటగాని పెట్టరాదు, ఎందుకంటే కట్టడం దెబ్బతింటుంది. అంటే, ఒప్పందంలో కుక్క ప్రస్తావనే లేనప్పుడు రెండు విషయాలు చూడాలి: ఇంటికి నష్టం కలుగుతుందా, అక్కడి ఆచారం ఏమిటి? ఆచారంగా తెలిసినది షరతుగా పెట్టినదానితో సమానమని ధర్మశాస్త్రవేత్తల నియమం. తలుపులు గోళ్ళతో చీరుకుపోయినా, చాపనేలలోకి మూత్రం ఇంకినా ఆ బాధ్యత కిరాయిదారునిదే.

కుక్క ఉండరాదని షరతు రాసి ఉంటే చర్చకు తావు లేదు. విశ్వాసులు తమ షరతులకు కట్టుబడి ఉంటారని హదీసు. యజమాని వచ్చిన రోజున కుక్కను పక్కింట్లో దాచడం, పిల్లలచేత అబద్ధమాడించడం కుక్క వెంట్రుకకంటే పెద్ద అశుద్ధం. 2015లో భారత జంతు సంక్షేమ మండలి జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం నివాసుల సంఘం తీర్మానం చేసి అయినా పెంపుడు జంతువులను నిషేధించజాలదు, లిఫ్టు వాడవద్దనజాలదు. ఇది మేలైన రక్షణే. కాని సంఘం వేరు, ఇంటి యజమాని వేరు. తాను తెలిసి సంతకం చేసిన షరతునుండి ఆ కాగితం ధర్మరీత్యా ఎవరినీ విడిపించదు. అట్లే యజమానికీ హద్దు ఉన్నది. కుక్క సంగతి తెలిసే ఇల్లిచ్చి, 11 నెలల ఒప్పందంలో నాలుగవ నెలలో కొత్త షరతు తేవడం ఇజారా నియమానికి విరుద్ధం. ఇరుపక్షాల అంగీకారం లేనిదే గడువు మధ్యలో ఒప్పందం మారదు.

అన్నింటికంటే ఎక్కువగా అన్యాయం జరిగేది ఇల్లు మారేటప్పుడు. కొత్త యజమాని వద్దన్నాడని రెండేళ్ళు పెంచిన కుక్కను ఊరి చివర వదలి వస్తారు. అశుద్ధమైన జంతువును వదిలించుకొన్నామని మనసుకు సర్దిచెప్పుకొంటారు. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తినడానికి వదలక చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసు వీరికి వర్తించదా? ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. పెంచుకోవడానికి అనుమతి లేకున్నా, పెంచినదాని పోషణభారం మరొకరు స్వీకరించేవరకు తెచ్చినవారిపైనే ఉంటుంది. అందుచేత పాత ఇంటికి నోటీసు ఇవ్వకముందే, పొలమో, పశువుల పాకో ఉన్న బంధువును వెతకడం మంచిది. రేబిస్ టీకా కాగితం కుక్కతోబాటే అందజేయాలి. ఆ సందర్భంలో వెల పుచ్చుకోవచ్చునా అన్న ప్రశ్న వస్తే, హనఫీల వద్ద కుక్క అమ్మకం చెల్లుతుంది, షాఫిఈల వద్ద చెల్లదు. వారు ఉచితంగా ఇవ్వాలి.